తప్పెక్కడున్నది?

రాతలో తప్పు కనిపిస్తే నా కన్ను అక్కడే ఆగిపోతది. బస్సు మీద, దుకాణం బోర్డు మీద, పెండ్లి పత్రికల, ఎక్కడైనా సరే. నాగారం మాదిగవాడల పుట్టినోనికి ఈ వ్యాకరణం పిచ్చేందని మావోళ్ళే నవ్వుతరు.

బడిల నేను 'వొచ్చిండు' అంటే సారు బెంచీ ఎక్కించి పదిసార్లు 'వచ్చాడు' అనిపిచ్చిండు. మా అవ్వ నోటి మాటను 'గ్రామ్యం' అన్నడు. గిడుగు రామమూర్తి (1863–1940) గ్రాంథికం మీద జీవితమంతా కొట్లాడి వాడుక భాషను నిలబెట్టిండు. కాని నిలబడ్డది శిష్టుల వాడుక. అది మా వాడ దాకా రాలేదు. అందుకే పట్టుబట్టి వ్యాకరణం నేర్చుకున్న. నేర్చుకున్నంక దాన్ని ప్రేమించిన.

ఓ ఏడు ఏప్రిల్ 14కు కూలి పైసలు పోగేసి వాడల గద్దె కట్టుకున్నం. రంగులేసే పిల్లగాడు దాని మీద 'అంభేద్కర్' అని రాసిండు. "బకు ఒత్తెందుకు పెట్టినవ్‌రా?" అని నలుగురిట్ల గట్టిగ అన్న. వాని మొఖం చిన్నబోయింది. ఆ మొఖం నాకెరికే. బెంచీ మీద నిలబడ్డ నా మొఖమే అది.

ఆ వారమే అవ్వ పింఛను కోసం ఒక ఆఫీసుకు పోయినం. గుమాస్తా రాసిన కాగితంలో ఒక్క అక్షరం తప్పు లేదు. మా ముందున్న పెద్దింటామెను "వచ్చారా" అన్న నోటితోనే, తలెత్తకుండ నన్నడిగిండు: "అది వచ్చిందా?" అది అంటే మా అవ్వ. డెబ్బై ఏండ్ల మనిషి, నా పక్కనే నిలబడి ఉన్నది. పిల్లగాని మీద లేచిన నా నోరు గుమాస్తా ముందట లేవలేదు.

వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో తప్పు లేదు. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినా అదే తెలుస్తుంది. ఏకవచనంలో ఆడమనిషికి, పశువుకు, రాయికి క్రియ ఒక్కటే: వచ్చింది. అదే ఆడోళ్ళు నలుగురు కలిస్తే మగోళ్ళ లెక్కనే 'వచ్చారు' అయితది. మరి దొరసాని ఒక్కతే వచ్చినా 'వచ్చారు' ఎట్లయింది? ఆ మర్యాద బహువచనం ఎవరికియ్యాల్నో సూత్రం చెప్పదు. కులం చెప్తది.

2014 నుంచి కాళోజీ పుట్టినరోజు, సెప్టెంబరు 9న, తెలంగాణ భాషా దినోత్సవం జరుగుతున్నది. నన్ను బెంచీ ఎక్కించిన 'వొచ్చిండు'కు వేదికల మీద చప్పట్లు పడుతున్నయి. యాసకు దక్కిన మర్యాద ఆ మాట మాట్లాడే అవ్వకు దక్కిందా?

మరి తప్పులు దిద్దుడు మానుకోవాల్నా? "ఒత్తులూ దీర్ఘాలూ వాళ్ళ లెక్క, మనకెందుకు" అని కొందరు మిత్రులంటరు. నేనొప్పుకోను. గద్దె మీది ఆ పేరు చూసే మా పిల్లలు అక్షరాలు కూడబలుక్కుంటరు. అది సరిగ్గా ఉండాలె. కాని దిద్దేటోడు ఎవరి ముందట నోరు తెరుస్తుండో, ఎవరి ముందట మూస్తుండో చూసుకోవాలె.

పిల్లగాని ఇంటికి పోయిన. "తమ్ముడూ, నలుగురిట్ల అన్నది నా తప్పు" అన్న. ఇద్దరం కూడి ఆ కింది గీత చెరిపినం.

మళ్ళ ఆ ఆఫీసుకు పోయిన. "అది కాదు సారూ, ఆమె. వచ్చిందా కాదు, వచ్చారా. దిద్దుకోండి" అన్న. గుమాస్తా అప్పుడు తలెత్తి చూసిండు, ముందు నన్ను, ఆ తర్వాత మా అవ్వను.