పేతురు ఎవరిని కాదనవలసియుండెను?

(ధ్యాన భాగములు: మత్తయి 16:21–26, 26:69–75)



శ్రమకాలపు దినములు వచ్చినప్పుడెల్ల మన గ్రామసంఘములలో ఒక మంచి వాడుక కనబడుచుండును. ఒకరు టీ మానుదురు, మరియొకరు మాంసము మానుదురు. చుట్ట మానువారును కలరు. ఈస్టరు ఆదివారము మధ్యాహ్నమునకే వారి చుట్ట మరల వెలుగుట మేము చూచియున్నాము. శుక్రవారపు ఉపవాస కూటమునకు మందిరము నిండును. ఇవి మంచివే. వీటిని తేలికపరచుట మా ఉద్దేశము కాదు. అయితే టీ మానినవాడు పొలము గట్టు విషయమై తమ్మునితో తగవు మానకపోవచ్చును. అప్పుడు మానినది టీ మాత్రమే. మనిషి యట్లే యున్నాడు. పైగా నలువది దినములు ఉపవసించితినను తలంపుతో కొంత బలిసియున్నాడు.

ప్రభువు ఈ సంగతి బోధించినది ఎప్పుడో చూడుడి. హెర్మోను కొండ దిగువనున్న ఫిలిప్పుదైన కైసరయ ప్రాంతములో, పేతురు ఆయనను క్రీస్తని ఒప్పుకొనిన పిమ్మట. ఆయన తనకు రానున్న శ్రమలను తెలుపగానే పేతురు అడ్డుపడెను. అప్పుడే, వెంబడింప గోరువాడు తన్నుతాను ఉపేక్షించుకొనవలెనని ఆయన సెలవిచ్చెను.

సెమినరీలో మేము నేర్చిన గ్రీకు కొద్దియే, అందులోను చాల భాగము మరచితిమి. గాని ఒక్క సంగతి మరువలేదు. మత్తయి సువార్తలో ‘ఉపేక్షించుకొనుట’ అను చోట నున్న గ్రీకు క్రియయే, కోడి కూయక మునుపు పేతురు తన్నెరుగనని ముమ్మారు పలుకునని ప్రభువు ముందుగా తెలిపిన చోటను ఉన్నది. తెలుగులో రెండు వేరు మాటలుగా వచ్చుటవలన ఆ పోలిక మనకు కనబడదు. ‘వాడెవడో నాకు తెలియదు, వానికిని నాకును సంబంధము లేదు’ అని చెప్పివేయుటయే దాని భావము.

ఇప్పుడు ప్రధానయాజకుని ముంగిటికి రండి. చలి రాత్రి, మంట వేసియున్నారు. ఒక పనికత్తె వచ్చి అడిగినది. ఆ గడియలో పేతురు ఎదుట ఇద్దరున్నారు: లోపల విచారింపబడుచున్న ప్రభువు ఒకరు, ప్రాణభయముతో వణకుచున్న తాను ఒకడు. ఇద్దరిలో ఒకరిని ఎరుగనని చెప్పక తప్పదు. తన్ను కాదనుకొనవలసినవాడు ప్రభువును కాదనెను. మనమును ఆ మంటయొద్ద కూర్చున్నవారమే. మన పేరు, మన పరువు, మన మాట నెగ్గుట, వీటిని ఎరుగనని చెప్పలేనప్పుడెల్ల రెండవవానిని ఎరుగనని చెప్పుచున్నాము.

ఇది ఒక్కసారితో తీరిపోవు పని కాదు. సిలువను ప్రతిదినము ఎత్తికొనవలెనను మాట లూకా మాత్రమే వ్రాసెను. నారుమడిలో నుండి పెరికి నాటిన పైరు కొన్ని దినములు వడలి పండుబారి యుండును, చూచినవాడు చచ్చినదనుకొనును. వేరు పట్టి మూన తిరిగిన తరువాతనే పిలకలు వేయును. నారుమడిలోనే విడిచిన నారు పచ్చగానే కనబడును గాని కోతకు రాదు.

పిడికెడు బియ్యపు కానుక మన తల్లులు ఎరిగినదే. దూరమున మిజో కొండలలోని సంఘము 1910లో ఈ వాడుకను ఆరంభించి నేటివరకు నడుపుచున్నది. దానివలన సువార్త పనికి ఎంతో తోడ్పాటు కలుగుచున్నది. మా సంఘములో ఒక ముసలి తల్లి ఎసటిలో పోయబోవు బియ్యములో నుండి ముందుగా ఆ పిడికెడు తీసి కుండలో వేయును. మిగిలిన బియ్యములోనిది కాదు. ‘అమ్మా, ఆ పిడికెడు ఎవరి కంచములో తగ్గును?’ అని ఒకసారి అడిగితిమి. ఆమె నవ్వి, ‘పిల్లల కంచములో తగ్గనిత్తునా, అయ్యగారూ?’ అనెను.

మా సంగతియు చెప్పవలెను. సంఘపు లెక్కల విషయమై ఒక పెద్ద పదిమందిలో మమ్మును ప్రశ్నించెను. అడుగుటకు ఆయనకు హక్కు కలదు, లెక్కలో మా పొరపాటును కలదు. అయినను సంవత్సరమునకు పైగా ఆయనతో ‘వందనము’ తప్ప వేరు మాట లేదు. ఆయన చేతికి బల్లలోని రొట్టె అందించుచునే యుంటిమి. ఒక శుక్రవారము ఈ పేతురు కథనే బోధించి యింటికి వచ్చితిమి. భోజనము మానియుంటిమి గాని మనస్సు నిలువలేదు. ప్రొద్దు గ్రుంకువేళ ఆయన యింటికి నడిచితిమి. ఆ వీధి అంత పొడవని మునుపెన్నడు తెలియలేదు. ఆయన ముంగిట మంచము వాల్చుకొనుచుండెను. ‘లెక్కలో తప్పు మాదే, అన్నా’ అంటిమి. ఆయన చాలసేపు మాటలాడక, తరువాత ‘నేనును నలుగురిలో అనకుండవలసినది’ అని లోపలికి కేక వేసెను. వారి భార్య మజ్జిగ తెచ్చెను. ఆ దినము మాకు ఉపవాసమని ఆమెకు తెలియదు. మేమును చెప్పలేదు, చెంబు పుచ్చుకొని త్రాగితిమి.