కాలేజీ మార్పు ఎవరి కోరిక?

బైపీసీ మొదటి సంవత్సరం ముగియగానే చిక్కడపల్లి, అశోక్‌నగర్ ఇళ్లలో ఒకటే చర్చ: నారాయణగూడలో మరో కాలేజీకి మారిస్తే నీట్ ర్యాంకు వస్తుందా అని. మార్చడం తప్పుకాదు. గుంటూరు ప్రజలకు వైద్యసేవ చేసిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ కూడా మెల్బోర్న్‌లో మొదట ఆర్ట్స్ విద్యార్థినే. తండ్రి ప్రోత్సహించగా వైద్యవిద్యకు మారి 1910లో పట్టా పొందారు. తండ్రి చూపింది దారి మాత్రమే. మఠజీవితం కోరి 1920లో గుంటూరు వచ్చింది మాత్రం తన పిలుపు తాను విని.

మన ఇళ్లలోనో, సలహా ఆజ్ఞ అయి కూర్చుంటుంది. కొత్త కాలేజీలో ఆదివారం కూడా పరీక్షలేనా, దివ్యబలిపూజకు పంపుతారా అని ఫీజు కట్టకముందే అడగండి. (ర్యాంకుల బోర్డు చూసి మురిసిపోయే మనం ఈ మాట అడగం.) మీ అమ్మాయినీ అడగండి, ఆమె వద్దంటే వినే మనసుతో.