హక్కు: ప్రసాదమా, హద్దా?

హిందీ రాజ్యాంగ పాఠంలో ‘మూల్ అధికార్’ అన్నది తెలుగులో ‘ప్రాథమిక హక్కు’. సంస్కృత ‘అధికార’ శబ్దానికి అర్హత, స్వామ్యం అనే రెండు ఛాయలూ ఉన్నాయి. తెలుగు వ్యవహారంలో అది ప్రధానంగా పాలించేవారి శక్తికి పేరైంది. పౌరునికి చెందవలసిన దానికి అరబ్బీ మూలమైన ‘హక్కు’ స్థిరపడింది. మూలభాషలో ఆ పదానికి సత్యం అనే అర్థం కూడా ఉంది. ప్రభుత్వం భూమిని ఇవ్వగలదు, పదవిని ఇవ్వగలదు. సత్యాన్ని మాత్రం అంగీకరించగలదే గాని ఇవ్వలేదు. పదచరిత్ర సిద్ధాంతాన్ని నిరూపించదు. అయినా ఒక ప్రశ్నను స్పష్టం చేస్తుంది: హక్కు అధికారం ప్రసాదించినదా, అధికారానికి గీచిన హద్దా?

ఈ ప్రశ్న అత్యవసర పరిస్థితి కాలంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1975 జూన్ 27 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు 14, 21, 22 అధికరణాల అమలుకై న్యాయస్థానాలను ఆశ్రయించే వీలును నిలిపివేసింది. అప్పుడు ‘మీసా’ చట్టం కింద నిర్బంధితులైనవారు హెబియస్ కార్పస్ కోరవచ్చునా? 1976 ఏప్రిల్ 28న, జబల్‌పూర్ అదనపు జిల్లా మేజిస్ట్రేటు కేసులో, నలుగురు న్యాయమూర్తులు కోరరాదన్నారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు.

మెజారిటీ వాదానికి తర్కబలం లేకపోలేదు. స్వేచ్ఛకు రక్షణ 21వ అధికరణం. దాని అమలును నిలిపే వీలు కల్పించినదీ ఆ రాజ్యాంగమే. ఖన్నా దృష్టిలో ఆ అధికరణం ప్రాణానికీ స్వేచ్ఛకూ ఏకైక ఆధారం కాదు. చట్టబలం లేకుండా వాటిని హరించరాదన్న సూత్రం రాజ్యాంగానికి ముందే ఉంది. ఈ వాదానికి దైవదత్తమైన హక్కును ఊహించనవసరం లేదు. చట్టం పేరిట పాలించే ప్రభుత్వం చట్టానికి వెలుపల నిలవజాలదన్న షరతు చాలును. ఆ షరతును తొలగించిన పాలనకు ఆజ్ఞాపించే బలం మిగులుతుంది గాని, విధేయతను కోరే అర్హత మిగలదు.

1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ అత్యవసర పరిస్థితిలోనూ 20, 21 అధికరణాల అమలును నిలిపివేయరాదన్నది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 1976 తీర్పును తోసిపుచ్చింది. అయితే 41 సంవత్సరాల తర్వాత వచ్చిన అంగీకారం నిర్బంధంలో గడచిన దినాలను తిరిగి ఇవ్వలేదు. హక్కు హద్దే గాని ప్రసాదం కాదని నిర్ణయమైనా, ఆ హద్దును అతిక్రమించిన నాడే చూపగల న్యాయస్థానం లేనప్పుడు నిర్బంధితునికి ఆ భేదం అనుభవంలోకి రాదు.