గుడి చూపే దారి, మసీదు చూపే దిక్కు

సర్వవ్యాపి అయిన దైవానికి ఒక దారి, ఒక దిక్కు ఎందుకన్న ప్రశ్నకు ప్రార్థనాస్థలాల కట్టడంలోనే జవాబు ఉంది. జమ్మలమడుగు దగ్గర, పెన్నా లోయ అంచున ఉన్న గండికోటలో మాధవరాయస్వామి ఆలయం, జామా మసీదు రెండూ ఒకే కోటలో ఉన్నాయి. ఆలయ గోపురం దూరం నుంచే ద్వారం జాడ చెబుతుంది. లోపలికి వెళ్లేకొద్దీ వెలుతురు తగ్గి, చూపు గర్భగుడి మీద నిలుస్తుంది. దైవాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని ప్రదక్షిణ సాగుతుంది. నేడు పూజలు లేకున్నా ఆ దారి అర్థమవుతూనే ఉంది. మసీదులో విగ్రహం ఉండదు. పడమటి గోడలోని మిహ్రాబ్ అనే గూడు మక్కా దిక్కును తెలుపుతుంది, నమాజు వరుసలు దానికి ఎదురుగా ఏర్పడతాయి. ఆలయం అడుగులను నడిపిస్తే, మసీదు ముఖాన్ని తిప్పుతుంది. దైవానికి హద్దు లేకున్నా, చెదిరే మనసుకు గురి కావాలి. రెండు కట్టడాలూ తీర్చేది ఆ అవసరాన్నే.