గడిలో నిలిచిన ముఖం

పాత ఫుట్‌బాల్ కార్డుల్లో, స్టిక్కర్ల ఆల్బమ్‌లలో ఏనాటి ఆటగాళ్ళ ముఖాలనో చూసి కరిగిపోవడం మమకారమా, స్మరణా? ఈ ప్రశ్న పిల్లల ఆటకు సంబంధించింది కాదు. మమకారం వస్తువును నాదంటుంది. స్మరణ మనిషిని మరవలేనంటుంది. ఇటలీలోని మోడెనాకు చెందిన పనీని సంస్థ 1970 మెక్సికో పోటీలకు తన తొలి ప్రపంచకప్ ఆల్బమ్ తెచ్చింది. అది నిండాలంటే పెలే ఒక్కడు చాలడు. ఆ పోటీల్లో మూడు మ్యాచ్‌లూ ఓడి ఒక్క గోలైనా కొట్టలేకపోయిన ఎల్ సాల్వడార్ పుట కూడా నిండాలి. ఓడినవాడు లేనిదే గెలిచినవాడి పుస్తకం పూర్తి కాదు. ఆ ఆల్బమ్‌లోని ధర్మం ఇదేనని నా నమ్మకం.

ఈ ధర్మం కడప, కర్నూలు సీమకు కొత్తది కాదు. ఇక్కడి పొలాల గట్ల మీద, ఊరి పొలిమేరల్లో వీరగల్లులు కనిపిస్తాయి. పసులను తోలుకుపోయే దొంగలకు అడ్డుపడి ప్రాణం విడిచినవాడికీ ఊరు ఒక రాయి నాటింది. అతడు రాజు కాదు. చాలా రాళ్ళ మీద పేరు కూడా లేదు, ఆయుధం పట్టి నిలుచున్న మనిషి రూపమొక్కటే ఉంది. ఆటకూ ప్రాణత్యాగానికీ పోలికా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఆ రెండూ సమానం కావు. నేను పోలుస్తున్నది చేసిన పనిని కాదు, తలుచుకునే తీరును. కార్డులు వ్యాపార సరుకు కదా అనే మాటా నిజమే. కానీ శిల్పి కూడా కూలి తీసుకునే రాయి చెక్కి ఉంటాడు. చేసినవాడికి ముట్టిన సొమ్ము, తలుచుకునేవాడి మనసును మైల పరచదు.

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ వేమనది. రాతికి మొక్కి మనిషిని మరిచేవాళ్ళను ఆయన క్షమించలేదు. కూడబెట్టే గుణాన్నీ ఎండగట్టాడు. అయితే ఆ వేమన పద్యాలు 1829లో అచ్చుకెక్కడానికి కారణం సి.పి. బ్రౌన్. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన బ్రౌన్, తాళపత్రాలు సేకరించి, పండితులకు జీతాలిచ్చి ప్రతులు రాయించాడు. కూడబెట్టడాన్ని నిరసించిన కవి మాట, సేకరించేవాడి శ్రమ వల్ల అచ్చులో నిలిచింది. కాబట్టి దోషం దాచడంలో లేదు, దాచి తాళం వేయడంలో ఉంది. నలుగురికి అందిన సేకరణ స్మరణ. పెట్టెలో మగ్గినది మమకారం.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, రాజధాని హోదా కర్నూలు నుంచి హైదరాబాద్‌కు వెళ్ళింది. అదే నెలలో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ మొదలయ్యాయి. హైదరాబాద్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి హైదరాబాదీలున్న భారత జట్టు అక్కడ నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. మరుసటి ఏడాదే రహీం కన్నుమూశాడు. భారత్ ప్రపంచకప్‌లో ఎన్నడూ ఆడలేదు గనుక ఆ ఆల్బమ్‌లలో మన జట్టుకు పుట లేదు. ఎల్ సాల్వడార్‌కు దక్కిన గడి బలరాంకు దక్కలేదు. ఆ గడిని మనమే గీయాలి. మీ ఇంట్లో పాత జట్టు ఫొటో ఉంటే, పత్రిక కత్తిరింపు ఉంటే, వెనక పేరు, ఊరు, సంవత్సరం రాయండి. తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి రాయండి. రాసి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. మన పూర్వీకులు పేరు తెలియనివాడికి సైతం రాయి నాటారు. పేరు తెలిసినవాళ్ళకు కాగితమైనా మిగల్చడం మన బాధ్యత.