సిస్టర్ సరే, మరి బ్రదర్?



మంచి సమరయుడి ఉపమానం మీద మనం ఎన్ని ప్రసంగాలు విన్నామో లెక్కలేదు. యాజకుడు ఆగలేదు, లేవీయుడు ఆగలేదు, సమరయుడు ఆగాడు అని చెప్పుకుంటాం. ఆగి ఏం చేశాడన్నది మాత్రం గబగబా దాటేస్తాం. లూకా సువార్త 10వ అధ్యాయం మళ్లీ తీసి చూడండి. నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టాడు. తన వాహనం మీద ఎక్కించుకున్నాడు. పూటకూళ్ల ఇంటికి తీసుకెళ్లి దగ్గరుండి చూసుకున్నాడు. ఈ పనికి ఇవాళ మనం పెట్టుకున్న పేరు నర్సింగ్. చేసినవాడు మగవాడు.

మరి మన ఇంట్లో అబ్బాయి ఇంటర్ అయిపోయి, "నాన్నా, బీఎస్సీ నర్సింగ్‌లో చేరతాను" అంటే మొహం ఎందుకు మాడ్చుకుంటాం? అమ్మాయి నర్సయి గల్ఫ్‌కో ఐర్లాండ్‌కో వెళ్తే సంఘంలో నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తాం. అబ్బాయి అదే చదువు చదివితే పెళ్లిచూపుల్లో "హాస్పిటల్లో చేస్తాడండీ" అని ఊరుకుంటాం. ఇంకో ప్రశ్న రాకుండా కాఫీ తెప్పిస్తాం! రోగిని ఎత్తి కూర్చోబెట్టడం, ఒళ్లు తుడవడం, మలమూత్రాలు తీయడం... ఇవి ఆడవాళ్ల పనులని మన మనసులో ఎక్కడో రాసిపెట్టుకున్నాం. అలా అని దేవుడు చెప్పాడా, మనమే చెప్పుకున్నామా?

ఇటలీలో 1550లో పుట్టిన కమిల్లస్ దె లెల్లిస్ అనే మనిషి సంగతి వినండి. (ఆయన కథోలిక గురువు. మనం ఏ సంఘంవాళ్లమైనా ఈయన దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది.) ఆరడుగులు దాటిన భారీ మనిషి, సిపాయి, జూదగాడు. ఉన్నదంతా జూదంలో పోగొట్టుకున్నాడు. కాలి మీద మానని పుండు. దానికోసం రోమ్‌లోని సాన్ జాకొమో ఆసుపత్రికి వెళ్లి, అక్కడే పనివాడిగా చేరి, గొడవలు పడి గెంటించుకున్నాడు. 1575లో మారుమనస్సు పొందాడు. మళ్లీ అదే ఆసుపత్రికి వచ్చాడు, ఈసారి రోగుల కోసం. జీతానికి వచ్చిన పనివాళ్లు రోగుల్ని పట్టించుకోకపోవడం కళ్లారా చూసి, మగవాళ్లనే కొందర్ని పోగుచేశాడు. 1586లో వాళ్ల సహవాసానికి పోపు ఆమోదం దొరికింది. అంగీల మీద ఎర్ర సిలువ గుర్తు పెట్టుకున్నారు. రెడ్‌క్రాస్ సంస్థ పుట్టడానికి దాదాపు మూడు వందల ఏళ్ల ముందు మాట ఇది.

ఆ మగవాళ్లకు ఆయన నేర్పింది ఏమిటో తెలుసా? ఒక్కగానొక్క బిడ్డ జబ్బుపడితే తల్లి ఎలా చూసుకుంటుందో, రోగిని అలా చూసుకోమన్నాడు. "మగవాళ్లు కదా, మీరు బరువులు మోయండి చాలు" అనలేదు. కత్తి పట్టిన చేతులున్న మనిషి తల్లి ప్రేమ కావాలని అడిగాడు. తల్లిప్రేమ తల్లులకే పరిమితం కాదని ఆయన నమ్మాడు. నేనూ అదే నమ్ముతాను.

మరి నర్సు అంటే ఆడమనిషే అన్న లెక్క ఎప్పుడు స్థిరపడింది? 1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరున లండన్‌లో మొదలైన శిక్షణ పాఠశాల స్త్రీల కోసం పెట్టింది. ఇంటి నాలుగు గోడలు దాటడానికి ఎందరో ఆడపిల్లలకు అది గౌరవమైన దారి చూపించింది, దేవునికి స్తోత్రం. కానీ ఆ తర్వాత మగవాళ్లకు తలుపులు మూసుకుంటూ వచ్చాయి. అమెరికా సైన్యంలో 1901లో నర్సుల దళం ఏర్పడితే, అందులోకి మగవాళ్లను 1955 దాకా తీసుకోలేదు. మన ఎయిమ్స్ ఆసుపత్రుల్లోనే నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం స్త్రీలకు, 20 శాతం పురుషులకు అని 2019లో నిర్ణయించారు. ఇదంతా మనుషులు పెట్టుకున్న ఏర్పాటు. ఆదికాండంలో వెతికితే కనబడదు.

ఒక మాట మాత్రం న్యాయంగా ఒప్పుకోవాలి. స్త్రీ రోగి సిగ్గు చిన్న విషయం కాదు. "సిస్టర్‌ని పిలవండి" అని ఆమె అంటే బ్రదర్ నొచ్చుకోకూడదు. పక్కకు తప్పుకుని సిస్టర్‌ని పంపడమూ ఆమెకు చేసే పరిచర్యే. కానీ మెన్స్ వార్డులో డెబ్బై ఏళ్ల తాతయ్య సంగతేంటి? మనవరాలి వయసు పిల్ల వచ్చి స్పాంజ్ బాత్ ఇస్తుంటే గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంటాడు. నీకెలా ఉంది అని ఆయన్ను ఎవరూ అడగరు. మగవాడికి సిగ్గేమిటి అనుకుంటాం. సిలువ మీద నుంచి దించిన మన ప్రభువు దేహాన్ని నారబట్టల్లో చుట్టింది అరిమతయియ యోసేపు, నీకొదేము. ఇద్దరూ పెద్దమనుషులే. యోహాను 19వ అధ్యాయం ఆ సంగతిని ఎంత నెమ్మదిగా చెబుతుందో చూడండి.

ఇంకోటి. నర్సుల జీతం మాట వస్తే "అది సేవ కదా" అంటాం. డాక్టరు ఫీజు దగ్గర ఆ మాట ఎందుకో గుర్తురాదు. సమరయుడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చి, ఎక్కువైతే తిరిగొచ్చి ఇస్తానన్నాడు. దేనారం అంటే ఒక రోజు కూలి. డబ్బు పుచ్చుకుని చూసుకున్న ఆ పూటకూళ్లవాడిని ప్రభువు ఎక్కడా తక్కువ చేయలేదు.

ఏటా మే 12 నర్సుల దినం. ఆ వారం ఆరాధనలో "సిస్టర్స్ అందరూ ముందుకు రండమ్మా, ప్రార్థన చేద్దాం" అని పిలుస్తుంటాం. నైట్ డ్యూటీ దిగి, ఇంటికి కూడా వెళ్లకుండా వచ్చిన అబ్బాయి వెనక వరుసలో అలాగే కూర్చుని ఉంటాడు, లేవాలా వద్దా అని. పాస్టరు గారూ, ఈసారి అతన్ని కూడా పేరు పెట్టి పిలవండి.