మార్త చేతులు

డిసెంబరు వచ్చిందంటే గోదావరి జిల్లాల క్రైస్తవుల ఇళ్లలో ఆడవాళ్ల చేతులకు తీరిక ఉండదు. బియ్యం నానాలి, తడిపిండి ఆడించాలి, బెల్లం పాకం దగ్గర కన్నార్పకుండా నిలబడాలి. పాకం ముదిరితే అరిసెలు గట్టిపడతాయి, లేతగా దింపితే నూనెలో విడిపోతాయి. కజ్జికాయలకు కొబ్బరి కోరేవాళ్లు ఒకవైపు, పిల్లల కోసం కేకు చేసేవాళ్లు మరోవైపు. ఓవెన్ లేని ఇంట్లో కుక్కర్ అడుగున ఉప్పు పోసి, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి, సన్నటి సెగ మీద కేకు కాలుస్తారు. బల్ల మీద పరిచే లేసు గుడ్డ కూడా పండగలోపు పూర్తికావాలి.

ఇంత పని చేసి అలిసిపోయిన మనిషి క్రిస్మస్ ఆరాధనలో కునుకు తీస్తే తప్పెవరిది? పండగ పని భక్తిలో భాగమా, భక్తికి అడ్డమా?

లూకా సువార్త 10వ అధ్యాయంలో ఈ ప్రశ్న ఒక ఇంటి గొడవగా కనిపిస్తుంది. యేసును ఇంటికి పిలిచినది మార్త. ఆమె వడ్డన ఏర్పాట్లతో సతమతమవుతుంటే చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింటూ ఉంటుంది. సాయం చేయమని చెల్లెలికి చెప్పండి ప్రభూ అని మార్త మొరపెట్టుకుంటుంది. యేసు మరియ పక్షమే వహిస్తాడు. అప్పటినుంచి ఎన్నో ప్రసంగాల్లో మార్త అంటే లోకం పనుల్లో పడి దేవుణ్ణి మరిచిన మనిషి. ఈ వ్యాఖ్యానం మార్తకు అన్యాయం చేస్తోంది. ఆ మాటలను నిదానంగా చదివితే యేసు మందలించినది ఆమె ఆందోళనను. వంట మానేయమని ఆయన ఎక్కడా అనలేదు. యోహాను సువార్తలో వీళ్ల సోదరుడు లాజరు చనిపోయినప్పుడు యేసుకు ఎదురువెళ్లి తన విశ్వాసాన్ని అందరికంటే స్పష్టంగా ప్రకటించినది ఈ మార్తే. ఆ తర్వాతి అధ్యాయంలో మళ్లీ ఆయనకు భోజనం వడ్డిస్తూనే కనిపిస్తుంది.

మధ్యయుగంలో జర్మన్ సన్యాసి మైస్టర్ ఎక్‌హార్ట్ ఈ కథను తిరగేసి చెప్పాడు. మరియ ఇంకా నేర్చుకునే దశలో ఉంది, మార్త పరిణతి చెందింది కాబట్టి పని చేస్తూ కూడా దేవునితో ఉండగలదు అన్నాడు. సన్యాసి నోట ఆ మాట రావడం చిన్న విషయం కాదు.

యూదు సంప్రదాయం ఈ ప్రశ్నను ఇంకా లోతుగా పట్టుకుంది. క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మసూత్రాల గ్రంథం మిష్నా, విశ్రాంతి దినాన చేయకూడని పనులు 39 అని పేర్కొంటుంది. పిండి పిసకడం, రొట్టె కాల్చడం, నూలు వడకడం, ముడి వేయడం, రెండు కుట్లు కుట్టడం, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. వంటింటి పనినీ దారం పనినీ ఎందుకు ఆపాలి? అవి అల్పమైనవని కాదు. ఎడారిలో దేవుని గుడారం కట్టడానికి అవసరమైన పనులు ఇవేనని రబ్బీలు వివరించారు. ఆ గుడారం కోసం నైపుణ్యం గల స్త్రీలు తమ చేతులతో నూలు వడికి తెచ్చారని నిర్గమకాండం 35వ అధ్యాయం చెబుతుంది. దేవుని గుడారాన్ని నిలబెట్టిన పనులు కనుకనే వాటికి ఒక రోజు విశ్రాంతి విధించారు. విశ్రాంతి దినం మొదలయ్యే శుక్రవారం పొద్దు వాలేలోగా హల్లా రొట్టెలు కాల్చి ముగించే యూదు గృహిణికి ఆ పొయ్యి పనీ ఆ విరామమూ రెండూ ఆరాధనే.

దారం పని మాట వస్తే నరసాపురం గుర్తుకు రాక తప్పదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా అక్కడికి వచ్చిన లేసు అల్లిక ఈనాటికీ పశ్చిమ గోదావరి ఆడవాళ్ల చేతుల్లో ఉంది. సన్నటి నూలు దారం, చివర కొక్కెం ఉన్న సూది, ఇవే పనిముట్లు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇక్కడ అల్లిన బల్లగుడ్డలు విదేశాల్లో పండగ విందుల కింద పరుచుకుంటాయి. అయితే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ అల్లికదారులపై 1982లో ప్రచురించిన పుస్తకం చదివితే మనసు కలుక్కుమంటుంది. ఇంటిచాకిరీ అంతా చేసి, గంటలకొద్దీ లేసు అల్లే ఈ మహిళలను అందరూ గృహిణులనే అన్నారు తప్ప కార్మికులు అనలేదు. తీరిక వేళ చేసే పని అన్న ముద్ర వేశారు, ఆ ముద్ర మీదే కూలి తగ్గించారు.

మార్త ఫిర్యాదులోని న్యాయం ఇక్కడే తెలుస్తుంది. చెల్లెలు నన్ను ఒంటరిగా వదిలేసిందన్నదే ఆమె బాధ. తన పని ఎవరి లెక్కలోకీ రాకపోవడం ఆమెను కుంగదీసింది. పనిని పూజ అని పొగిడి, ఆ పేరుతోనే భారమంతా ఒక్కరి నెత్తిన పెట్టి, ప్రతిఫలం ఎగ్గొట్టడం ఏ మతంలోనూ భక్తి కాదు.

అపొస్తలుల కార్యాలు 9వ అధ్యాయంలో దొర్కా అనే తబితా కథ ఉంది. యొప్పేలో ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడుస్తూ పేతురుకు చూపించినవి ఆమె కుట్టిచ్చిన అంగీలు, వస్త్రాలు. ఆ స్త్రీ ప్రార్థనలు ఎలా ఉండేవో లేఖనం చెప్పలేదు. ఆమె కుట్లు మాత్రం లెక్కకు వచ్చాయి.

కాబట్టి ఈ క్రిస్మస్‌కు లేసు గుడ్డ కొనేటప్పుడు బేరం ఆడకండి. ఎన్ని రోజులు అల్లారో అడిగి, అందుకు తగిన ధర ఇవ్వండి. ఇంట్లో పాకం పొయ్యి మీద ఉన్నప్పుడు మగవాళ్లూ పిల్లలూ అరిసెలు వత్తడానికి కూర్చోండి. పండగ ముందురోజు సాయంత్రానికే పొయ్యి ఆర్పేసి, ఇంటి ఆడవాళ్లు కూడా వాక్యం వినడానికి తీరిగ్గా కూర్చునేలా చూడండి.